ఆ నాలుగు పేర్లూ ఒక్కడివే

బ్రదర్! మీ పాటలకి 'జోయ్ నీగ్రో', 'జకాటా', 'రేవన్ మేజ్', 'అకాబు' అని నాలుగు ఫోల్డర్లు పెట్టాను, ఇందులో ఎవరు ఎవరో తేలట్లేదు అన్నారుగా, టెన్షన్ పడకండి, నలుగురూ ఒక్కడే, ఇంగ్లండ్‌కి చెందిన డీజే, డాన్స్ మ్యూజిక్ ప్రొడ్యూసర్ డేవ్ లీ. రేవన్ మేజ్ 1989 నాటి పేరు. జకాటా పేరుతో చేసిన 'అమెరికన్ డ్రీమ్' పాట 2001లో బ్రిటన్ చార్ట్‌లో 3వ స్థానం దాకా వెళ్ళింది, దాంట్లో వినిపించే ఆ ట్యూన్ 'అమెరికన్ బ్యూటీ' సినిమా నేపథ్య సంగీతంలోది. డిస్కో వాసన ఎక్కువుంటే జోయ్ నీగ్రో, డీప్ హౌస్ (మెత్తగా సాగే డాన్స్ మ్యూజిక్) అయితే అకాబు, ఇది నా చెవి లెక్క, ప్రతిసారీ కుదరదు. జోయ్ నీగ్రో పేరులోని 'నీగ్రో' అనే మాట మీద అభ్యంతరాలు రావడంతో 2020లో దాన్ని వదిలేసి అసలు పేరుకే వచ్చేశాడు (మంచి పనే చేశాడు).

ఇక మీ ఫోల్డర్ల సంగతి. ఆర్టిస్ట్ ట్యాగ్‌లో (పాట ఫైల్ వివరాల్లో ఆర్టిస్ట్ పేరు రాసే చోట) రికార్డు మీదున్న పేరే ఉంచేయండి, మార్చారంటే తర్వాత వెతుక్కోలేక చస్తారు. కామెంట్ ట్యాగ్‌లో మాత్రం అన్నిటికీ 'డేవ్ లీ' అని కొట్టండి, సెర్చ్ చేస్తే అన్నీ ఒకేచోట వస్తాయి. ఒకే పాట రెండు పేర్లతో కనిపిస్తే వెంటనే డిలీట్ చేయకండి, ముందు నిడివి చూడండి, వేరే మిక్స్ (అదే పాటకి ఇంకో వెర్షన్) అయ్యుండొచ్చు.