చిన్న మిల్లింగ్ మెషిన్‌కు ఏ వైస్ కొనాలి? రెండుసార్లు తప్పు కొన్నవాడి జవాబు

మీరు అడిగింది ఇది: బల్ల మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసేది) కొన్నారు, టేబుల్ 390 × 92 మిల్లీమీటర్లు. ఇంట్లో డ్రిల్లింగ్ మెషిన్ వైస్ (ముక్కను బిగించి పట్టేది) ఒకటి ఉంది, అది చాలా? లేక షాపువాళ్ళు చూపించిన 4 అంగుళాల వైస్ తీసుకోవాలా? నన్నడిగితే రెండూ వద్దు. రెండింటితోనూ తిప్పలు పడ్డాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది విశాఖలో గాజువాక. మేడమెట్ల కింద గదిలో దాదాపు మీ మెషిన్ లాంటిదే ఏడేళ్ళుగా వాడుతున్నాను. అది ఇంటికొచ్చిన వారంలోనే ఆటోనగర్ వెళ్ళి, ఉన్నవాటిలో బరువైనది చూసి 4 అంగుళాల వైస్ తెచ్చేశాను, కింద తిరిగే బేస్‌తో సహా. బరువుంటే అదరదు కదా అని నా లెక్క. స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని వస్తుంటే మలుపుల్లో హ్యాండిల్ సరిగ్గా తిరగలేదు. మా మావయ్య ముప్ఫై ఏళ్ళు టర్నర్‌గా చేసిన మనిషి. చూడ్డానికి వచ్చి, "ఏట్రా ఇది, మేకపిల్ల మీద అంబారీ కట్టావు" అన్నాడు. బిగించి చూశాక గానీ ఆ మాట అర్థం కాలేదు.

వైస్ సైజు అంటే దాని జా, అంటే పట్టుకునే దవడ, ఎంత వెడల్పు అని. మనమంతా దాన్నే చూసి కొంటాం. కానీ చిన్న మెషిన్‌లో ఇబ్బంది వెడల్పుతో కాదు, వైస్ పొడవుతోనూ ఎత్తుతోనూ. నా 4 అంగుళాల వైస్ హ్యాండిల్ కాకుండానే 270 మిల్లీల పొడవు. టేబుల్ 92. బోల్టులు పడే గాళ్ళు బాడీ మధ్యలో ఉన్నాయి, అక్కడ బిగిస్తే కదలని ఫిక్స్‌డ్ జా టేబుల్ దాటి కాలమ్ (మెషిన్ వెనక నిలువు స్తంభం) వైపు వెళ్ళిపోయింది. టేబుల్ ముందుకీ వెనక్కీ జరిగేదే 100 మిల్లీలు. అందులో సగం దారిలోనే వైస్ వీపు కాలమ్‌కు కొట్టుకునేది. ఇక ముందువైపు వేలాడే బరువు వల్ల, హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే చాలు, టేబుల్ వాలడం డయల్‌లో (చిన్న కదలికల్ని ముల్లుతో చూపే గేజ్) కనబడేది.

ఎత్తు లెక్క ఇంకా ఘోరం. నా మెషిన్‌లో కట్టర్‌ను తిప్పే స్పిండిల్ మూతికీ టేబుల్‌కీ మధ్య ఎక్కువలో ఎక్కువ 280. డ్రిల్ బిట్‌ను పట్టే చక్ 90 తినేస్తుంది. 10 మిల్లీల డ్రిల్ బిట్ మొత్తం పొడవు 133, చక్‌లో పట్టింది పోను 100 దాకా బయటికి ఉంటుంది. మిగిలింది 90. బేస్‌తో కలిపి నా వైస్ లోపలి అడుగే 100 ఎత్తులో ఉంది. అంటే జాబ్ (కోయాల్సిన ముక్క) పెట్టకముందే చోటు అయిపోయింది! తిరిగే బేస్ తీసేశాను, ఈరోజు వరకు దాని అవసరం రాలేదు. కోణంలో కోయాల్సి వస్తే వైస్‌నే విప్పి తిప్పి బిగిస్తాను. ఈ సైజు మెషిన్‌కు ఆ బేస్ ఎత్తు పెంచి, గట్టిదనం తగ్గించే వస్తువు. షాపువాళ్ళు ఉచితంగా ఇస్తామన్నా మోసుకురావద్దు.

తర్వాత డ్రిల్ వైస్ ప్రయత్నించాను. పొట్టిది, తేలికది, చక్కగా సరిపోయినట్టే అనిపించింది. రెండో రోజే 6 మిల్లీల ఎండ్ మిల్ (మిల్లింగ్ కట్టర్) విరిగింది, జాబ్ ఎగిరి గోడకు కొట్టుకుంది. కారణం తేలికే. డ్రిల్లింగ్‌లో బలమంతా కిందికే, జాబ్ వైస్ అడుగుకు ఒత్తుకుంటుంది. ఎండ్ మిల్ పక్కకు తోస్తుంది, పైగా దాని మెలిక గాడి జాబ్‌ను పైకి లాగుతుంది. డ్రిల్ వైస్‌లో కదిలే జా గాడిలో వదులుగా ఉంటుంది. స్క్రూ బిగించే కొద్దీ ఆ జా వెనక్కి వాలి, జాబ్‌ను ఒక పక్క లేపుతుంది. 50 మిల్లీల వెడల్పు జాబ్ ఒక పక్క 0.1 లేచిందంటే, మీరు పైన కోసిన ముఖం కూడా 50కి 0.1 వంకర. ఎన్నిసార్లు తిప్పి కోసినా చదరం రాదు. నేను నెల రోజులు మెషిన్‌నే తిట్టుకున్నాను.

జా లేవకుండా ఆపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి యాంగిల్ లాక్, అమెరికా కంపెనీ కర్ట్ పేరుతో అందరికీ తెలిసినది. స్క్రూ బలం ఏటవాలు ముఖం మీదుగా, సగం గోళీ లాంటి ముక్క ద్వారా కదిలే జాకు చేరుతుంది. ముందుకు తోస్తూనే కిందికీ లాగుతుంది. చాలా మంచి ఏర్పాటు, కానీ బరువూ పొడవూ ఎక్కువ. మీ టేబుల్ 160 వెడల్పు ఉండి ఉంటే 4 అంగుళాల యాంగిల్ లాక్ తీసుకోమని ఒక్క ముక్కలో చెప్పేవాణ్ని.

రెండోది స్క్రూలెస్ వైస్, టూల్‌మేకర్ వైస్ అని కూడా అంటారు. మీకు సరిపడేది ఇదే, 73 లేదా 80 మిల్లీల సైజులో. అన్ని పక్కలా గ్రైండ్ చేసిన ఉక్కు దిమ్మ. వెనక పొడవాటి స్క్రూ, బయటికి పొడుచుకొచ్చే హ్యాండిల్ ఉండవు. కదిలే జా లోంచి ఏటవాలుగా దిగే ఒక్క బోల్టు, అడుగున మెట్ల లాంటి గాళ్ళలో కూర్చునే అడ్డపిన్. అలెన్ కీతో బిగిస్తే జా ముందుకీ కిందికీ ఒకేసారి లాగబడుతుంది. నాది 80ది, ఎత్తు తక్కువ, కాలమ్‌కు తగలదు.

విసుగు లేదనను. జాబ్ సైజు మారినప్పుడల్లా పిన్‌ను ఇంకో గాడిలోకి మార్చాలి. పిన్ సరిగ్గా కూర్చోకుండా బిగిస్తే జా పట్టినట్టే ఉండి కట్టర్ తగలగానే వదిలేస్తుంది. నాకు రెండుసార్లు అయింది. బిగించే ముందు జాను వేలితో వెనక్కి లాగి చూడటం అప్పటి నుంచీ అలవాటు. ఇంకోటి, కొన్నింటికి బోల్టు గాళ్ళు ఉండవు, పక్కల్లో పొడవాటి గాడి మాత్రమే ఉంటుంది. దానికి సరిపడే క్లాంపులు వస్తాయో లేదో అప్పుడే అడగండి. మీ టేబుల్ మీద బోల్టులు కూర్చునే టీ స్లాట్ వెడల్పు కొలుచుకుని వెళ్ళండి.

షాపులో చూడాల్సింది పెయింటో పేరో కాదు. ఒక ట్రై స్క్వేరు (మూలమట్టం), చిన్న చదరపు ఉక్కు ముక్క, రెండు వార్తాపత్రిక కాగితం పీలికలు పట్టుకెళ్ళండి. పీలికల మీద ఉక్కు ముక్క పెట్టి, ఒకటి ఫిక్స్‌డ్ జా వైపు, ఒకటి కదిలే జా వైపు ఉండేలా చూసి బిగించండి. తర్వాత రెండూ లాగండి. కదిలే జా వైపుది జారి వచ్చేస్తే ఆ వైస్ జాబ్‌ను లేపుతోందన్నమాట. ఫిక్స్‌డ్ జా అడుగుకు చదరంగా ఉందో ట్రై స్క్వేరుతో వెలుతురుకు పట్టి చూడండి. పాత వైస్ అయితే జా మీద, అడుగు మీద కట్టర్ తిన్న గాట్లు వెతకండి. షాపాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంటికొచ్చాక అడుగున బర్ (లేచిన పదునైన అంచు) ఉంటే ఆయిల్ స్టోన్‌తో తీసేసి, ఫిక్స్‌డ్ జా వెంబడి లివర్ డయల్ నడిపి బిగించండి. ఆ 80 మిల్లీల మీద ముల్లు 0.02 లోపు కదిలితే మన పనులకు చాలు. క్లాంపులు మరీ బిగించొద్దు, ఈ సన్నని టేబుల్ వంగుతుంది. బిగించాక టేబుల్ జరిపి చూస్తే, బరువెక్కినట్టు అనిపిస్తే వదులు చేయండి. జాబ్ కింద ఎత్తు కోసం పెట్టే పారలల్స్‌కు డబ్బు పెట్టక్కర్లేదు, లేత్‌వాళ్ళు వాడే 10 మిల్లీల చదరపు టూల్ బిట్లు ఒక జత చాలు.

మన ఊళ్ళో ఒక జాగ్రత్త అదనం. సముద్రపు గాలికి గ్రైండ్ చేసిన ఉక్కు ఆగదు. వానాకాలంలో సాయంత్రం ముట్టుకున్న చోట పొద్దునకు నా వేలిముద్ర తుప్పుగా తేలింది. పని అయ్యాక తుడిచి మెషిన్ ఆయిల్ రాయండి, నెలకోసారి వైస్ ఎత్తి అడుగు కూడా తుడవండి. అడుగున తుప్పు పడితే పైన డయల్ ఎంత నడిపినా లాభం లేదు.

మీ డ్రిల్ వైస్‌ను పారేయకండి, రంధ్రాలకు అది బాగానే పట్టుకుంటుంది. నా 4 అంగుళాలది ఇప్పుడు మావయ్య షెడ్‌లో పెద్ద మిల్లు మీద కూర్చుంది. నా టేబుల్ మీద పట్టని జాబ్ వస్తే దాని దగ్గరకే తీసుకెళ్తాను. అంబారీ మాట ఆయన ఇంకా మర్చిపోలేదు.