కొటేషన్లలో వివరాలు మారితే పాలసీకి వచ్చే చిక్కు

కారు బీమా కోసం ఐదారు సంస్థల కొటేషన్లు (ధర అంచనాలు) చూసి, తక్కువ ప్రీమియం ఉన్న పాలసీ కొన్న వారానికే ‘మీ వివరాలు సరిపోలడం లేదు, పాలసీ రద్దు కావచ్చు’ అని మీకు లేఖ రావడానికి కారణం ఎక్కువ చోట్ల అడగడం కాదు. ఒక్కో చోట ఒక్కో విధంగా సమాధానం ఇవ్వడమే కావచ్చు. ఏడాదికి నడిపే దూరం, రాత్రి కారు నిలిపే చోటు, ప్రధానంగా నడిపే వ్యక్తి, పాత క్లెయిములు: వీటిలో ఏది మార్చినా ధర మారవచ్చు. ఎంత తగ్గుతుందో చూద్దామని మార్చిన జవాబును తిరిగి సరిచేయకపోతే, అదే పాలసీలో నమోదవుతుంది. కొన్ని సంస్థలు పాత కొటేషన్లతో కూడా పోల్చి చూస్తాయి.

1. అలాంటి లేఖ వస్తే, ముందుగా ప్రపోజల్ ఫారం (బీమా కోసం మీరిచ్చిన దరఖాస్తు) తెరిచి, మీ పేరిట నమోదైన ప్రతి జవాబునూ వాస్తవంతో పోల్చండి. చాలామంది వదిలేసేది ఈ పనినే. ధర చూసి డబ్బు కడతారు గానీ, తాము ఏమి ప్రకటించారో చదవరు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిములు చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) వివరాన్ని పాత సంస్థ ఇచ్చిన పత్రంతో సరిచూడండి.

2. తేడా కనిపిస్తే ఆధారాలు జతచేసి, లేఖలో ఇచ్చిన గడువులోగా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రీమియం పెరిగినా కట్టడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పు వివరం ఉన్న పాలసీపై ప్రమాదం జరిగాక క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

3. పాత పాలసీ ఇంకా అమలులో ఉంటే, ఇది తేలేదాకా దాన్ని వదులుకోకండి.

4. రద్దు తప్పదంటే, మీరే ఉపసంహరించుకునే వీలుందేమో అడగండి. సంస్థే రద్దు చేస్తే, తర్వాత ఇతర సంస్థలు అడిగినప్పుడు ఆ సంగతి చెప్పాల్సి వస్తుంది.