టమాటా నారు తల వాల్చేస్తోంది!

ప్రశ్న: కిటికీ దగ్గర ట్రేలో టమాటా విత్తనాలు వేశాను. వారంలోపే మొలిచాయి గానీ, సన్నగా సాగిపోతున్నాయి. నిన్న పొద్దున నాలుగు మొక్కలు మొదట్లో నల్లబడి పడిపోయాయి. రెండు పూటలా నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఎరువు చాలలేదా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎరువు కాదండీ, ఆ రెండు పూటల నీళ్లే! మొదలు దారంలా నొక్కుకుపోయి పడిపోతే అది నారుకుళ్లు తెగులు. పడినవి ఇక లేవవు. చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. పైమట్టి ఆరిందని వేలికి తెలిశాకే, ట్రే అడుగు నుంచి నీళ్లు పెట్టండి. అరగంటయ్యాక మిగిలిన నీళ్లు పారబోయండి.

నాకూ ఈ జబ్బు ఉండేది. ఫోన్ మాట్లాడుతుంటే చేతిలో మగ్గు ఉండాల్సిందే. అక్క ఫోన్ చేసిన రోజు మొక్కలకు వరదే.

సాగడం మాత్రం వెలుతురు చాలకే. అయితే టమాటా కాండాన్ని మట్టిలో పాతితే దానికీ వేళ్లు పుడతాయి. మొలకకు మొదట వచ్చే రెండూ విత్తనపు ఆకులు. వాటి తర్వాత అసలు ఆకులు నాలుగు వచ్చాక, ఆ విత్తనపు ఆకుల దాకా లోతుగా నాటేయండి. ఎండలోకి ఒకేసారి తేకండి. మొదటి రోజు గంట చాలు, వారం పది రోజుల్లో మెల్లగా పెంచండి. నేనొకసారి తొందరపడితే సాయంత్రానికి ఆకులు కాగితంలా తెల్లబడ్డాయి.

విత్తనాలు మిగిలుంటే కొత్త మట్టిలో ఇంకో పది వేసేయండి. ఈసారి కాస్త ఎడంగా.