గాలీ వానా లేనిచోట

అమ్మాయికి,

ఆశీస్సులు. చంద్రుడి మీది హిప్పార్కస్ గుంత గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి రెండో పేజీలోనే ఆగిపోయాను. "కోట్ల ఏళ్ళ గాలికీ వానకీ అరిగిపోయిన హిప్పార్కస్" అని రాశావు. చంద్రుడి మీద గాలెక్కడిదమ్మా? వానెక్కడిది? కోపం వచ్చి కాగితాలు పక్కన పడేశాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ తీశాను. చివర్లో ఉన్న ఒక్క వాక్యం రాత్రంతా నన్ను వదల్లేదు. "అంచు కనిపించలేదు, అంచు నీడ కనిపించింది" అన్నావు. అది నువ్వు మేడ మీద నిలబడి, కళ్ళారా చూసి రాసింది. గాలీ వానా మాత్రం ఎక్కడో చదివినది చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది.

నలభై ఏళ్ళుగా ఒకటే చెబుతున్నాను, విసుగొచ్చినా మళ్ళీ విను. అరిగిన వస్తువు గురించి రాసేటప్పుడు దాన్ని ఏది అరగదీసిందో, ఏది ముందో ఏది వెనకో చెప్పాలి. "శిథిలం", "కాలం చేసిన గాయం", "పురాతన వైభవం" ఇవన్నీ చూడనివాళ్ళు రాసే మాటలు. కాలం తనంతట తాను దేన్నీ కొట్టదు. కొట్టింది రాయి.

హిప్పార్కస్‌నే తీసుకో. అడ్డంగా సుమారు 140 కిలోమీటర్లు. చంద్రుడి మీదే ఉన్న ఇంబ్రియం అనే పెద్ద మైదానాన్ని తవ్విన ఆ మహా తాకిడి, ఇప్పటికి దాదాపు 390 కోట్ల ఏళ్ళ కిందట, జరిగేనాటికే ఇది పాతబడిన గుంత. ఆ తాకిడికి లేచిన రాళ్ళు నేలబారుగా దూసుకొచ్చి దీని అంచుల్ని వాయవ్యం నుంచి ఆగ్నేయానికి నాగటి చాళ్ళలా కోసేశాయి. 1892లో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త వాషింగ్టన్‌లోని నౌకాదళ అబ్జర్వేటరీలో 18 రాత్రులు టెలిస్కోపు ముందు కూర్చుని, ఇలాంటి చాళ్ళన్నిటినీ వెనక్కి పొడిగిస్తే ఇంబ్రియం దగ్గరకే చేరతాయని గుర్తించాడు. నువ్వు "గజిబిజి గీతలు" అన్నది వీటినే. అందులో గజిబిజి ఏమీ లేదు, అన్ని గీతలదీ ఒకటే దారి.

పడమటి అంచు దాదాపు నేలమట్టమైంది, చిన్న గుట్టలే మిగిలాయి. లోపల, ఆ పడమటి వైపే, పూడిపోయిన ఇంకో గుంత అంచు చెరిగిపోయిన ముగ్గులా పైకి తేలి ఉంది. ఈశాన్యాన హారక్స్ అనే చిన్న గుంత, 30 కిలోమీటర్లది, పదునైన అంచుతో కూర్చుంది. అంచు అంత పదునుగా ఉందంటే అది ఈ గొడవలన్నీ అయ్యాక వచ్చింది. దక్షిణపు అంచును ఆనుకుని హాలీ అనే ఇంకో గుంత. ఇక మిగిలింది సన్న రేణువులంత ఉల్కల పని. అవి రాతిని పది లక్షల ఏళ్ళకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తినేస్తాయి. నీ గాలి, నీ వాన అదే. దాని పేరు పెట్టి రాయి.

రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1665లో ఇదే గుంత బొమ్మ గీసి అచ్చువేశాడు. తడి బంకమట్టిలో గుండ్లు జారవిడిచి చూశాడు, పడ్డ గుంటలు అచ్చం చంద్రుడి మీదివాటిలాగే ఉన్నాయి. అయినా అంతంత రాళ్ళు ఆకాశంలో ఎక్కడి నుంచి వస్తాయో తోచక ఆ ఆలోచన వదిలేశాడు. పైగా ఆ గుంత సారవంతమైన చోటనీ, అక్కడ పచ్చిక ఉంటుందనీ రాశాడు. అంతటివాడు కూడా తన ఊరి గడ్డిని తీసుకెళ్ళి చంద్రుడి మీద నాటాడు. చూసి గీసిన బొమ్మ ఇవాళ్టికీ పనికొస్తుంది.

నా మొదటి వ్యాసం ఒక వారపత్రికకు పంపితే సంపాదకుడు హారక్స్, హాలీ పేర్లు కొట్టేసి, "చందమామ ముఖాన మశూచి మచ్చలు" అని శీర్షిక పెట్టి వేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే మంటగానే ఉంటుంది. ఆ గుంతకు పేరిచ్చిన జెరెమయ్యా హారక్స్ 1639లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని లెక్కగట్టి చూసి, ఇరవై రెండేళ్ళకే చనిపోయిన కుర్రాడు. ఆ పేరు తీసేస్తే పాఠకుడికి ఏం మిగిలింది? ఈమధ్య మశూచి పోయి "రహస్యం" వచ్చింది. ప్రతి గుంతలో ఒక రహస్యం, చూసి షాకైన శాస్త్రవేత్తలు. నీ శీర్షికలోనూ ఆ మాట ఉంది. తీసెయ్.

నువ్వు రాసిన ఆ నీడ సంగతి నేను నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. రెండు నెలల జీతం పెట్టి చిన్న టెలిస్కోపు కొన్నాను. సప్తమి నాడు హిప్పార్కస్ స్పష్టంగా దొరికింది. త్రయోదశికి మా బావగారిని పిలిచి చూపిద్దామంటే గుంత లేదు! అద్దానికి బూజు పట్టిందనుకుని పంచె కొంగుతో గట్టిగా తుడిచి, అద్దం మీద గీత పడేశాను. ఆ గీత ఇంకా ఉంది. చాలా రోజుల తర్వాత మా నాయనమ్మ ఇత్తడి బిందె దగ్గర అర్థమైంది. ఏళ్ళ తరబడి చింతపండుతో తోమితే దాని మీద చెక్కిన పేరు అరిగిపోయింది. మధ్యాహ్నం ఎండలో ఒక్క అక్షరం తెలియదు. రాత్రి కరెంటు పోయి పక్కన దీపం పెడితే పేరంతా కనిపించింది. హిప్పార్కస్‌కు ఆ దీపం సప్తమి, అష్టమి నాటి సూర్యుడు, పక్కవాటుగా ఉంటాడు. సూర్యుడు నడినెత్తికొచ్చాక అంత తక్కువ ఎత్తు అంచుకి నీడే పడదు.

ఇంకొకటి. మూడుచోట్ల "లోయ" అన్నావు, ఒకచోట "అగ్నిబిలం". అగ్నిపర్వతం లేనప్పుడు అగ్నిబిలం ఎలా వస్తుంది? గుంత అను, లేకపోతే తాంబాళం అను. 140 కిలోమీటర్ల వెడల్పుకి లోతు మూడు కిలోమీటర్ల పైచిలుకే. చంద్రుడి గుండ్రదనం వల్ల దాని నడుమ నిలబడినవాడికి 1.4 కిలోమీటర్ల లోపు ఎత్తున్న అంచు ఏదీ కనిపించదు. అరిగిపోయిన పడమటి వైపు చూస్తే తానొక గుంతలో ఉన్నానని కూడా అతనికి తెలియకపోవచ్చు. ఇంత మంచి విషయం వదిలేసి "మహాద్భుతం" అని రాశావు.

ఎక్కడికి పంపాలి, పారితోషికం ఇస్తారా అని అడిగినవాటికి ఇప్పుడు రాయలేను. వ్యాసం ఇంకా అక్కడిదాకా రాలేదు. వచ్చే సప్తమికి మబ్బు లేకపోతే మేడ ఎక్కు. నా మోకాళ్ళు ఇప్పుడు మెట్లు ఎక్కనివ్వడం లేదు. పడమటి అంచు దగ్గర చాళ్ళు నీకు ఎన్ని కనిపించాయో లెక్కపెట్టి, ఆ రాత్రే రాసి పంపు.