పేర్లు తీసేసిన జాబితాలో ఒక వరుస

ఇంటర్నెట్ కాలంలో సమాచార స్వేచ్ఛ, వ్యక్తిగత గోప్యత, భద్రత అనే మూడింటికీ పొత్తు కుదర్చడం సాధ్యమేనా అని మీరు అడిగారు. చాలామంది దీన్ని త్రాసుతో పోల్చి, ఒకవైపు బరువు పెరిగితే రెండోవైపు తేలిపోక తప్పదంటారు. సర్వర్లనూ డేటాబేసులనూ చూసుకునే ఉద్యోగంలో పన్నెండేళ్ళు గడిపిన నాకు ఆ పోలిక సరైనదిగా తోచదు. ఎవరి సమాచారం, ఎవరి చేతిలో, ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న ముందుగా వేసుకుంటే ఈ తగవులో చాలాభాగం తీరిపోతుంది. నాకు ఈ సంగతి తెలిసివచ్చిన తీరు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక సంస్థ, వైద్యఖర్చులు భరించలేనివారికి ఆర్థికసాయం అందించేది. నిధులు పక్కదారి పడుతున్నాయన్న ఆరోపణలు రావడంతో, ఎంత సాయం, ఏ జబ్బుకు ఇచ్చారో అందరూ చూసుకునేలా వెబ్‌సైటులో పెట్టాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం మంచిదేనని ఇప్పటికీ అంటాను. పదిమంది ఇచ్చిన సొమ్ము ఎటు పోతోందో తెలుసుకునే హక్కు ఆ పదిమందికీ ఉంటుంది. జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు తీసేసి, పుట్టినతేదీ, ఆడా మగా అన్నది, పిన్‌కోడ్, జబ్బు, మంజూరైన మొత్తం మాత్రం ఉంచాను. పేరు లేనప్పుడు అది ఎవరిదో ఎలా తెలుస్తుందిలే అనుకున్నాను.

రెండో వారంలో నా పక్క సీటులోని సహోద్యోగి, వెతికే సదుపాయం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని తన ఇంటి పిన్‌కోడ్ కొట్టారు. తెర నిండా వరుసలు వచ్చాయి. ఏదో ఒక తేదీ ఇవ్వాలి కదా అని తన తండ్రిగారి పుట్టినతేదీ ఇచ్చారు. ఒకే ఒక్క వరుస మిగిలింది. జబ్బు అన్న గడిలో ఉన్న మాటను ఆయన చాలాసేపు చూస్తూ ఉండిపోయి, "మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదండీ" అన్నారు. ఇంట్లోవాళ్ళు కంగారుపడతారని ఆ తండ్రి దాచుకున్న విషయం, నేను తయారుచేసిన పట్టిక వల్ల కొడుకుకు తెలిసింది. ఆ పూటే ఫైలు తీసేయించాను. తప్పు చేయనివారికి దాపరికం ఎందుకని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ గడి గుర్తుకొస్తుంది. ఆ పెద్దాయన ఏ తప్పూ చేయలేదు. తన సంగతిని ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో తానే తేల్చుకోవాలనుకున్నారు. గోప్యతకు అంతకంటె మంచి అర్థం నాకు తెలియదు.

నాకు కొత్తగా తెలిసిన ఈ ప్రమాదం ఈ రంగానికి కొత్తది కాదు. జిప్ కోడ్ (అమెరికాలో మన పిన్‌కోడ్ లాంటిది), పుట్టినతేదీ, లింగం అన్న మూడు వివరాలు చాలు, అమెరికా జనాభాలో సుమారు 87 శాతం మందిని విడివిడిగా గుర్తించవచ్చని లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 జనాభా లెక్కల ఆధారంగా అంచనా వేశారు. అంతకుముందే, పేర్లు తొలగించి ఇచ్చిన మసాచుసెట్స్ ప్రభుత్వోద్యోగుల వైద్య రికార్డులను ఓటర్ల జాబితాతో సరిపోల్చి, అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ రికార్డును ఆమె పట్టుకున్నారు. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ సుమారు ఆరున్నర లక్షలమంది ఇంటర్నెట్‌లో ఏమేం వెతికారో, పేర్ల స్థానంలో సంఖ్యలు పెట్టి విడుదల చేస్తే, కొద్దిరోజులకే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక సంఖ్య వెనకున్న మహిళను కనిపెట్టి ఆమెతో మాట్లాడారు. ఇవన్నీ చదివి ఉంటే ఆ ఫైలును నేను అలా పెట్టేవాణ్ణి కాదు.

మళ్ళీ తయారుచేసిన జాబితాలో పుట్టినతేదీకి బదులు పదేళ్ళ వయసు విభాగాలు, పిన్‌కోడ్‌కు బదులు పెద్ద ప్రాంతం పెట్టాం. ఒక విభాగంలో మరీ కొద్దిమందే ఉంటే దాన్ని పక్క విభాగంలో కలిపేశాం. అదే సమయంలో, మొదటి ఫైలులో లేనివి కొన్ని కొత్తగా చేర్చాం: దరఖాస్తును ఆమోదించిన అధికారి పేరు, నిర్ణయానికి పట్టిన రోజులు, తిరస్కరించినవి ఎన్ని, ఏ కారణంతో అన్నవి. మొదటి ఫైలు సాయం పొందినవారిని బయటపెట్టి, సాయం మంజూరు చేసినవారిని కప్పిపుచ్చింది. నిధుల దుర్వినియోగం పట్టుకోవాలంటే జనానికి కావలసింది మంజూరు చేసినవారి వివరాలే. అధికారం ఉన్నచోట వెలుతురు పడాలి, సాయం కోసం వచ్చినవారికి చాటు ఉండాలి. ఈ కొలతతో చూస్తే సమాచార స్వేచ్ఛకూ గోప్యతకూ మధ్య నిజంగా ఢీకొనే సందర్భాలు అనుకున్నదానికంటె తక్కువ.

అవి అసలు లేవని మాత్రం అనను. 2014లో ఐరోపా న్యాయస్థానం ముందుకు వచ్చిన వ్యాజ్యం అలాంటిదే. ఒకరి పాత బాకీకి సంబంధించిన 1998 నాటి పత్రికా ప్రకటన, ఆయన పేరు వెతికిన ప్రతిసారీ గూగుల్‌లో కనిపించేది. పత్రికలో ప్రకటన యథాతథంగా ఉండిపోయింది గాని, పేరుతో వెతికినప్పుడు ఆ లింకు చూపకుండా తీసేయాలని తీర్పు వచ్చింది. ఒక సామాన్యుడి విషయంలో ఇది న్యాయమే అనిపిస్తుంది. ఎన్నికైన నాయకుడు ఇదే కోరితే ఒప్పుకోకూడదు.

ఇక భద్రత. ఆ ఫైలు వ్యవహారం తరువాత మా సర్వర్ లాగ్‌లు, అంటే సైటుకు వచ్చినవారి రాకపోకల నమోదులు, తెరిచి చూస్తే, సైటు మొదలైన రోజు నుంచి వచ్చిన ప్రతి సందర్శకుడి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), చదివిన పేజీ, సమయం అన్నీ ఉన్నాయి. రాత్రి రెండు గంటలకు డయాలిసిస్ సాయం గురించిన పేజీని ఏ ఐపీ అడ్రస్ నుంచి ఎన్నిసార్లు చదివారో కూడా తెలుస్తోంది. భద్రత కోసమే ఉంచామన్నారు. అయితే ఆ కుప్పలోకి దొంగ చొరబడితే అదే అతనికి పెన్నిధి. అన్నీ చెరిపేద్దామని నేనన్నాను; మా భద్రతా నిపుణురాలు ఒప్పుకోలేదు. చొరబాట్లు ఒక్కోసారి నెలల తరువాత గాని బయటపడవని ఆమె చెప్పింది నిజమే. చివరికి సందర్శకుల లాగ్‌లు ముప్పై రోజులు, డేటాబేసును తెరవగల సిబ్బంది లాగిన్ వివరాలు ఏడాదిపాటు ఉంచాలని తేల్చుకున్నాం. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, పనికి అవసరమైనంత సమాచారమే సేకరించి, అవసరమున్నంత కాలమే ఉంచుకోవాలంటుంది.

నేరస్థులను పట్టుకోవడానికి ఎన్‌క్రిప్షన్‌లో, అంటే సందేశాలను ఇతరులు చదవలేకుండా సంకేతాలుగా మార్చే తాళంలో, ప్రభుత్వాలకు ప్రత్యేకంగా ఒక ద్వారం ఉంచాలన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. పిల్లలపై జరిగే దారుణాలను పరిశోధించే పోలీసుల బాధ నిజమైనది. అయినా ఏథెన్స్‌లో జరిగినదాన్ని మరచిపోలేం. పోలీసులు చట్టబద్ధంగా ఫోన్లు వినడానికి టెలిఫోన్ ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఏర్పాటునే వాడుకొని, 2004, 2005లలో గుర్తుతెలియనివారు నూటికి పైగా ఫోన్లు విన్నారు. వాటిలో గ్రీసు ప్రధానమంత్రి ఫోను ఒకటి. మంచివాళ్ళకు మాత్రమే తెరుచుకునే ద్వారాన్ని కట్టడం ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు. అనుమానితుడి ఒక్క ఫోనును కోర్టు అనుమతితో పరిశీలించడం వేరు, అందరి తాళాలనూ బలహీనపరచడం వేరు. మొదటిది ఎంత కష్టమైనా ఆ దారిలోనే వెళ్ళాలని నా అభిప్రాయం.

ఆ మొదటి ఫైలు మా సైటులో ఉన్నది పదకొండు రోజులే. అప్పటికే రెండు సైట్లు దాన్ని కాపీ చేసి పెట్టుకున్నాయి. రెండింటికీ రాశాను. ఒకరు వెంటనే తీసేసి క్షమాపణ కూడా చెప్పారు. రెండోవారు జవాబివ్వలేదు, ఏడాది తరువాత ఆ సైటే మూతపడింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ ఫైలు పేరు కొట్టి వెతుకుతూనే ఉంటాను.