పెల్లాగ్రా అంటువ్యాధి కాదని గోల్డ్‌బర్గర్ ఎలా నిరూపించారు?

పెల్లాగ్రా అంటే చర్మంపై దద్దుర్లు, విరేచనాలు, మతిభ్రంశం తెచ్చే జబ్బు. దాని కారణం వెతుకుతున్న అమెరికా ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌కు ముందు ఒక చిన్న విషయం కంట పడింది. 1914లో అమెరికా దక్షిణ రాష్ట్రాల అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రుల్లో ఉండేవాళ్లకు పెల్లాగ్రా వస్తోంది. వాళ్లతోనే తిరిగే సిబ్బందికి మాత్రం రావడం లేదు. అంటురోగమైతే ఈ తేడా ఎందుకుంటుంది? తేడా అంతా కంచంలోనే ఉంది.

మిసిసిపీలోని జాక్సన్‌లో రెండు అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు పెంచితే జబ్బు దాదాపు మాయమైంది. 1915లో దీన్ని తిరగేసి చూశారు: అదే రాష్ట్రంలోని రాంకిన్ జైలు పొలంలో, క్షమాభిక్ష హామీతో ముందుకొచ్చిన ఖైదీలకు నెలల తరబడి మొక్కజొన్న, చిలగడదుంప, వరి అన్నం, పాకం వంటివే పెట్టారు. చివరిదాకా నిలిచిన 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా దద్దుర్లు వచ్చాయి. (ఖైదీలపై అలాంటి ప్రయోగాన్ని నేటి వైద్యనీతి ఒప్పుకోదు.)

అయినా నమ్మనివాళ్ల కోసం 1916లో ఆయన, ఆయన భార్య, సహచరులు రోగుల రక్తాన్ని సూదితో ఒంట్లోకి ఎక్కించుకున్నారు. రోగి చర్మపు పొట్టు, మూత్రం, మలం పిండిలో కలిపిన ఉండలను ఆయన మింగారు. ఎవరికీ జబ్బు రాలేదు.

తిండిలో లోపించినది నియాసిన్ అనే విటమిన్ (బి3) అని 1937లో, ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, తేలింది. మొక్కజొన్నలో అది ఉన్నా ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. సున్నపునీళ్లలో ఉడికిస్తే విడుదలవుతుంది.