కళ్యాణదుర్గం నేలలో 1,000 అడుగుల బోరు వేయొచ్చా?

అన్నా, మీరు అడిగింది ఇదీ: అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర నాలుగెకరాల చేను, మూడు బోర్లు 400 అడుగుల దాకా వేస్తే దుమ్మే లేచింది, చేను గట్టున ఉన్న నల్లగుండ్ల వరసకు ఆనుకుని ఎగువన పక్కోళ్లు వేసిన బోరు మాత్రం ఎండాకాలంలో కూడా పోస్తోంది, కొలిమిగుండ్లలో ఉండే మీ బావ 1,000 అడుగులు దించమంటున్నాడు. నన్నడిగితే దించొద్దు. మాది బెళుగుప్ప వైపు, మీలాంటి నేలే. పైగా కొన్నాళ్లు బోరు బండి మీద పనిచేసినవాణ్ణి, నీళ్లు పడినవీ పడనివీ రెండూ దగ్గరగా చూశాను.

మీ బావ చెప్పేది ఆయన ఊరికి సరిపోవచ్చు. కొలిమిగుండ్ల, తాడిపత్రి, బనగానపల్లె వైపు సున్నపురాయి ఎక్కువ. నీళ్లు ఆ రాయిని కరిగించుకుంటూ పోతాయి, బెలుం గుహలు 3 కిలోమీటర్ల పైచిలుకు ఉన్నాయంటే అదంతా నేల కింద పారిన నీళ్లు తొలిచిందే. బోరు అలాంటి సందులో పడితే పండగే, పక్కన యాభై అడుగుల దూరంలో వేస్తే ఏమీ ఉండకపోవచ్చు కూడా.

మనది గ్రానైటు, నైసు అనే చారల బండ. ఈ బండ నీళ్లు పీల్చదు. పైన ఎర్రమట్టి, దాని కింద చాలాచోట్ల 30 నుంచి 60 అడుగుల దాకా మొరం, మెత్తరాయి, ఆ కింద గట్టి బండ. నీళ్లు ఉంటే ఆ మెత్తరాయిలో ఉండాలి, లేదా బండలోని పగుళ్లలో ఉండాలి. తాతల నాటి బావులు నడిచింది ఆ పై పొర మీదే, అది ఎండిపోయాకే మనం బోర్ల వెంట పడ్డాం. పగుళ్లు కూడా ఎక్కువగా 300 అడుగుల లోపే దొరుకుతాయి, కిందికి పోయేకొద్దీ పైబండ బరువుకు మూసుకుపోతాయి. 800 అడుగుల్లో జల తగిలినవాళ్లు లేరని అనను, కానీ అవి ఎప్పటివో పాత నీళ్లు, తోడేశాక మళ్లీ ఊరడానికి ఏళ్లు పడుతుంది. రాతిలో అంతకాలం నానిన నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో తాగుతారేమో, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో టెస్టు చేయించకుండా మాత్రం తాగొద్దు.

మీ ప్రశ్నలో అసలు విషయం ఆ నల్లగుండ్ల వరస. మీరేమో మాటవరసకు రాసి వదిలేశారు! అది మామూలు గుట్ట కాకపోవచ్చు. గ్రానైటు చీలికల్లోకి ఎప్పుడో కింద నుంచి కరిగిన రాయి ఎక్కి గడ్డకట్టిన నల్లరాయి, డోలరైట్ డైక్ అంటారు, మన జిల్లాలో ఇవి మైళ్ల కొద్దీ గీత గీసినట్టు కనిపిస్తాయి. వాలుకు అడ్డంగా ఉంటే నేల లోపల కట్టిన ఆనకట్టలా పనిచేస్తుంది, ఎగువ పక్క నీళ్లు నిలుస్తాయి, దిగువ పక్క ఎండుతుంది. మా చేలో ఇదే కథ: వరసకు పైన వేసిన బోరు చీనీ (బత్తాయి) చెట్లను కాపాడుతోంది, దిగువన వేసింది మొదటి వేసవికే ఆగిపోయింది.

ఇంకో బోరు వేసి తీరతానంటే, రాడ్డు మార్చిన ప్రతిసారీ వచ్చిన పొడిని విడివిడిగా కుప్పలు పెట్టించండి. బియ్యప్పిండిలా తెల్లగా, బూడిదరంగుగా వస్తున్నంతసేపూ అది గట్టి బండే. రాతి పలుకులు కడిగి చూస్తే ఒక ముఖం మీద తుప్పు పట్టినట్టు గోధుమరంగు మరక కనబడిందా, అక్కడ పగులుంది, నీళ్లు ఎప్పుడో నడిచాయి. బండివాళ్లు గ్యాప్ అనేది దాన్నే. 300 దాటాక వంద అడుగులు వరసగా తెల్లపొడే వస్తుంటే ఆపించండి. "ఇంకో వంద చూద్దాం సార్" అంటారు, అనకేం చేస్తారు, లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది కదా.

టెంకాయ పట్టుకుని నీళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు, గొడవపడే ఓపికా లేదు. నాలుగు ఇనుప మేకులు పాతి కరెంటు పంపి చూసే మీటరు మెత్తరాయి ఎంత లోతుందో సుమారుగా చెప్పగలదు, ఇక్కడ రెండించుల నీళ్లు పడతాయని చెప్పలేదు. అలా గ్యారంటీ ఇచ్చేవాడికి డబ్బులివ్వొద్దు. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద పర్మిషన్ కూడా ముందే చూసుకోండి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపలైతే చిక్కే.

ఒక లెక్క చూడండి. ఎకరా మీద 1 మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. మనకు ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లు అటూఇటూ, అంటే మీ నాలుగెకరాల మీద 88 లక్షల లీటర్లు. ఇలాంటి నేలలో కిందికి ఇంకేది పదో వంతు అనుకుందాం, 8.8 లక్షలు. గంటకు 5,000 లీటర్లు తోడే మోటారు రోజుకు 9 గంటలు ఆడితే ఇరవై రోజుల్లో అయిపోతుంది, మిగతా ఏడాదంతా మనం తోడేది చుట్టుపక్కల చేల కింద ఇంకిన నీళ్లే. అందుకే నాలుగో బోరుకు పెట్టే డబ్బులో కొంత డ్రిప్పుకూ, వరసకు ఎగువన ఒక నీటి కుంటకూ పెడితే మేలు. పక్కోళ్లతో మాటలుంటే వాళ్ల బోరు నుంచే పైపు లాగి, కరెంటు, రిపేరు ఖర్చులు పంచుకోవడం గురించి కూడా కదిపి చూడండి.

మీరు వేసిన మూడు బోర్లూ ఆ వరసకు ఏ పక్కన ఉన్నాయి, వంక ఎటు నుంచి ఎటు పారుతుంది, ఎగువన మీ భూమి కొంచెమైనా ఉందా? ఒక కాగితం మీద గీసి ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.